ఎడమచేతి పెళ్లి

కిందటి ఆదివారం కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో మా అమ్మాయి ఇంట్లో, మావాళ్లంతా డైనింగ్ టేబుల్ చుట్టూ చేరి మనవరాలి పెళ్లి శుభలేఖ గురించి మధ్యాహ్నమంతా చర్చించుకున్నారు. పెళ్లికొడుకు ఎవరన్నది చర్చ కాదు, అది వాళ్లిద్దరూ ఎప్పుడో తేల్చేసుకుని మాకు కబురుగా చెప్పారు. గొడవంతా పేర్ల గురించే. వైద్యం చదివిన పిల్ల కాబట్టి పేరు ముందు డాక్టర్ అని వేయాలా, కాబోయే వియ్యంకుడి పేరు ముందు ఏం తగిలించాలి, పెళ్లయ్యాక పిల్ల ఇంటిపేరు ఏమవుతుంది అని మా అల్లుడు ఒక్కొక్కటే తీస్తుంటే, ఆ పిల్ల వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి, "డాడీ, నేను లాస్ట్ నేమ్ చేంజ్ చేసుకోను, ఫైనల్. టైటిల్స్ గిటిల్స్ ఏం వద్దు. అమ్మమ్మా, నువ్వు చెప్పు, హూ కేర్స్?" అంది. నేను నవ్వేశాను గానీ నా మనసు మాత్రం అక్కడే ఆగిపోయింది. పేరు ముందు చేరని ఒక్క మాట గురించి, దక్కని ఒక్క చోటు గురించి జీవితమంతా బెంగపెట్టుకున్న మనిషిని నేను దగ్గరగా చూశాను. ఈ దేశంలో మేము అద్దెకున్న మొదటి ఇంటి యజమానురాలు ఆవిడ.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఫ్రీమాంట్ అంటే ఇప్పటిలా మనవాళ్ల కొట్లూ, కోట్లు పలికే ఇళ్లూ కాదు. ఇంకా అక్కడక్కడా ఆప్రికాట్ తోటలు మిగిలి ఉండేవి, కరివేపాకు కావాలంటే కలలోనే చూసుకోవాలి. మావారు కంప్యూటర్ కంపెనీలో కొత్తగా చేరారు. ఆవిడ ఇంటి వెనక రెండు గదుల వాటాలో మా కాపురం. ఆవిడ జర్మనీ మనిషి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఒక అమెరికా సైనికుణ్ణి చేసుకుని వచ్చిందట. ఆయన రైల్వేలో పనిచేసి, మేము చేరేనాటికే కాలం చేశాడు. పిల్లలు లేరు. మొదట్లో నేను మేడం అని పిలిస్తే, "ఆ పిలుపులన్నీ వద్దనే కదా ఇంత దూరం వచ్చాను" అని కసిరింది. ఆంటీ అంటే మాత్రం మురిసిపోయింది. సాయంత్రం నాలుగింటికల్లా ప్లమ్ పళ్లు పరిచి చేసిన కేకు ముక్కలు పళ్లెంలో పెట్టుకుని మా వాటాలోకి వచ్చేది, నేను డికాక్షన్ తీసి కాఫీ కలిపేదాన్ని. పలకరించడానికి ఇంకో ప్రాణి లేని ఆ రోజుల్లో ఆ కాఫీ వేళ కోసం పొద్దున్నుంచీ ఎదురుచూసేదాన్ని అంటే అబద్ధం కాదు.

ఆవిడ పుట్టింటి కథ ఒక్కసారిగా చెప్పలేదు. జర్మనీలో వెనకటికి చిన్నా పెద్దా రాజవంశాలు చాలా ఉండేవట. మొదటి యుద్ధం తరవాత రాజ్యాలు పోయాయి, బిరుదులు ఉత్త ఇంటిపేర్లలో కలిసిపోయాయి, అయినా ఆ కుటుంబాల్లో ఎవరు ఎవరికి సమానం అన్న లెక్క మాత్రం పోలేదట. ఆడపిల్ల ప్రిన్సెస్‌గా పుట్టినా, సాటి వంశంలో పడితేనే పిలుపులో ఆ హోదా నిలుస్తుంది; అందుకని తరతరాలుగా ఆ నాలుగైదు ఇళ్లవాళ్లే ఇచ్చిపుచ్చుకుంటూ వచ్చారట. ఆవిడ ఆ బంధుత్వాలు ఇంగ్లీషులో విప్పి చెప్పలేక తంటాలు పడుతుంటే, "అంటే మీ అక్క మొగుడు ఆవిడకి మేనమామ కొడుకన్నమాట, మా వరసలో మేనబావ" అని నేను ఒక్క మాటలో తేల్చేశాను. ఆవిడ ముక్కున వేలేసుకుంది. మావైపు మేనరికాలు మామూలేనని, సంబంధం అనగానే మావాళ్లు ముందు అంతస్తే చూస్తారని చెబితే, అదేదో తన ఊరి మనిషి కనబడ్డట్టు నా చెయ్యి పట్టుకుంది.

ఆ అక్క ఆవిడకి సొంత అక్క కాదు, తండ్రి మొదటి భార్య కూతురు. మొదటి భార్య సాటి వంశపు ప్రిన్సెస్, పిల్ల చిన్నప్పుడే పోయింది. ఆ పిల్లకి చదువు చెప్పడానికి ఒక పంతులమ్మ వచ్చింది. అడవులు చూసుకునే ఒక ఉద్యోగి కూతురు. పంతులమ్మనే తండ్రి చేసుకున్నాడు. మా ఆంటీ ఆ పంతులమ్మ కన్న కూతురు. అయితే తక్కువ ఇంటి పిల్లని చేసుకోవడానికి వాళ్లలో వేరే పద్ధతి ఉండేదట. చర్చిలో పాదిరీగారు చేసే పెళ్లే, దేవుడి ఎదుట చేసే ప్రమాణమే, కానీ వరుడు వధువుకి అందరిలా కుడిచెయ్యి ఇవ్వడు, ఎడమచెయ్యి ఇస్తాడు. దాన్ని ఎడమచేతి పెళ్లి అనే అంటారట. అలా వచ్చిన భార్యకి భర్త బిరుదు రాదు, పుట్టిన పిల్లలకి తండ్రి వంశం పేరు రాదు, ఊరట కోసం ఏదో ఒక చిన్న బిరుదు కొత్తగా పుట్టించి ఇస్తారు. ఎడమచేత్తో పుట్నాలు పెట్టినా మా నాయనమ్మ చేత తిట్లు తిన్నదాన్ని, ఎడమచేత్తో పెళ్లి చేసుకోవడం అనేసరికి నా ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాను.

ఒకే ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు పెరిగారు, ఒకరు హైనెస్, ఒకరు కాదు. పొద్దున్నే సవతికూతురికి తల దువ్వి జడలు వేసిన తల్లి, సాయంత్రం అతిథుల ముందు అదే పిల్లకి మోకాలు వంచి నమస్కరించి "యువర్ హైనెస్" అనాలి. భోజనాల బల్ల దగ్గర ఆ పిల్ల తండ్రి పక్కన, తల్లి ఎక్కడో చివర. మా ఆంటీ ఇదంతా చెబుతూ ఏడ్చేది కాదు, కేకు ముక్కని ఫోర్కుతో పొడి పొడి చేస్తూ కూర్చునేది. చివరికి తండ్రి పోయినప్పుడు ఆయన్ని కోట చర్చి నేలమాళిగలో మొదటి భార్య పక్కన పెట్టారు. తరవాత తల్లి పోతే, వంశపు సమాధుల్లో ఆమెకు చోటు లేదని చర్చి గోడ అవతల పాతిపెట్టారు. "ఇద్దరూ ఒకరినొకరు ఎంత ప్రేమించుకున్నారో నేను చూశాను. మధ్యన గోడ ఉంది. అమ్మని ఆయన పక్కకి చేర్చకుండా నేను చావను" అనేది. ఆవిడ జీవితంలో మిగిలిన కోరిక అదొక్కటే. వంశానికి పెద్దగా ఉన్నవాడు ఒప్పుకుంటే తప్ప అది జరగదు, ఏళ్ల తరబడి అడుగుతున్నా ఆ ముసలాయన ఒప్పుకోలేదు.

ఆ ముసలాయన పోయి, ఆయన మనవడు పెద్దరికానికి వచ్చాడు. కుర్రవాడు, కొత్తకాలం మనిషి. ఒకరోజు పట్టపగలు ఫోన్ చేసి, ఆ పాత నియమాలు ఎవరికి కావాలి, మీ అమ్మగారిని లోపలికి తెచ్చుకోండి, మీ నాన్నగారికి ఎడమపక్కన ఇంకొక్క చోటు ఖాళీగా ఉంది అన్నాడట. ఆవిడ మా వాటా తలుపు దబదబా బాది, నన్ను పట్టుకుని ఆ వయసులో గిరగిరా తిప్పేసింది. కాసేపటికి మొహం వాడిపోయింది. "కుడిపక్కన మొదటి భార్యే ఉంది. మా అమ్మకి మళ్లీ ఎడమపక్కే" అంది. అప్పుడు నేను చెప్పాను, ఆంటీ, మాలో పెళ్లాం చోటు ఎడమపక్కే, తాళి కట్టాక నన్ను పీటల మీద మావారి ఎడమవైపుకి మార్చి కూర్చోబెట్టారు, మా శివుడు సగం దేహం ఇచ్చింది కూడా ఎడమవైపే అని. ఆవిడ మళ్లీ చెప్పమంది. మళ్లీ చెబితే నవ్వుతూనే భోరుమని ఏడ్చేసింది. వారం తిరక్కుండా నల్లకోటు కొనుక్కుని ప్రయాణమైతే, మావారూ నేనూ శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాం. "మీ అమ్మగారికి మా నమస్కారాలు చెప్పండి" అన్నారు మావారు, ఎదురుగా ఉన్న మనిషికి కబురు పంపుతున్నంత మామూలుగా. ఆవిడ తల ఊపింది.

తిరిగొచ్చాక రెండు రోజులు తలుపు తీయలేదు. మూడో రోజు నేనే కాఫీ పట్టుకెళ్లాను. కప్పు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంటే ఆవిడే చెప్పింది. చర్చిలో వాళ్ల అక్క ఒక్కర్తే కుర్చీలో కూర్చుని ఉందట. చెల్లెల్ని చూడగానే కర్ర ఆనుకుని లేచి నిలబడిందట. పుట్టి బుద్ధెరిగాక అక్క తన కోసం లేవడం అదే మొదటిసారి అని రెండుసార్లు చెప్పింది ఆంటీ. ఆ అక్కని పంతొమ్మిదో ఏట, తనకంటే చాలా పెద్దవాడైన ఆ మేనబావకి, వంశం సమానమన్న ఒక్క కారణానికి ఇచ్చేశారు. ఆయన ఆవిడతో ప్రేమగా ఒక్క మాట మాట్లాడి ఎరగడట. పిల్లల్లేరు. హైనెస్ అని పిలిచే నౌకర్లు తప్ప పేరు పెట్టి పిలిచే దిక్కు లేక మొగుడి కోటలో ఒక మూల ముసలిదైపోయింది. "నాన్న మీ అమ్మకి జీవితమంతా దక్కాడు. నేను వెళ్లనని ఏడుస్తుంటే ఆయనే స్వయంగా నన్ను బండి ఎక్కించాడు. నేను పోయాక ఆ మొగుడి పక్కన నన్ను పెట్టనివ్వకు. నాన్న పక్కన మిగిలింది ఆ ఒక్క చోటే, అది నాకివ్వు" అని చెల్లెల్ని చేతులు పట్టుకుని అడిగిందట.

మా ఆంటీ ఇచ్చేసింది. అన్నేళ్లు అడిగి అడిగి చేతికొచ్చినదాన్ని, తల్లి సమాధి కూడా తవ్వించకముందే ఇచ్చేసి వచ్చేసింది. నాకు కోపం ఆగలేదు. "ఎలా ఇచ్చారాంటీ! పుట్టినప్పటినుంచీ అన్నీ ఆవిడకేగా, ఇదీ ఆవిడకేనా?" అని అరిచినంత పని చేశాను. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టి, "దానికి తల దువ్వింది మా అమ్మే కదా. అమ్మ అక్కడుంటే తనే లేచి చోటిచ్చేది" అంది. నేను చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆవిడ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, గోడ అవతల పాతిపెట్టిన తల్లికి ఇంక ఎవరున్నారు అని తనలో తనే గొణుక్కుంది. ఆ గొణుగుడు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు.

ఆ అక్క తరవాత ఎక్కువకాలం బతకలేదు. కోరుకున్న చోటే ఆవిడని పెట్టారని ఆంటీ చెప్పింది. మేము సొంత ఇల్లు కొనుక్కుని వెళ్లిపోయాక కూడా రాకపోకలు సాగాయి, కొన్నేళ్లకి ఆంటీ కూడా పోతే హేవర్డ్ కొండ మీద శ్మశానంలో వాళ్లాయన పక్కనే పూడ్చారు. ఆ రాయి మీద బిరుదులేమీ లేవు, ఫలానా ఆయన భార్య అని మాత్రం ఉంది. అలా రాయమని ఆవిడే చెప్పి పెట్టుకుందట.

ఇప్పుడు నా మనవరాలికి ఏ పెద్దల అనుమతీ అక్కర్లేదు. ఎవరు ఎవరికి సమానమని అడిగేవాళ్లు లేరు, అడిగినా వినేవాళ్లు లేరు. అది మంచిదే, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. పెళ్లిలో ఏ చెయ్యి ఇస్తావే అని అడిగితే ఆ పిల్ల పకపకా నవ్వుతుంది. కానీ చోటు మాటకొస్తే, మావారు పోయినప్పుడు పిల్లలు ఎంతో శ్రద్ధగా ఆయన అస్థికలు కొన్ని గోదావరికి పంపి, మిగిలినవి పడవలో తీసుకెళ్లి గోల్డెన్ గేట్ వంతెన అవతల సముద్రంలో కలిపారు. మన పద్ధతి అదే, వాళ్ల తప్పేమీ లేదు. తండ్రి పక్కన ఉన్న ఒక్క చోటు కోసం ఆ అక్కాచెల్లెళ్లు పడిన తపన చూసి అప్పట్లో నేను జాలిపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే అసూయగా ఉంది. మొన్న మా అమ్మాయితో నన్ను మీ నాన్న పక్కనే ఉంచమ్మా అని చెబుదామని నోరు తెరిచాను. ఆ పక్క ఎక్కడుందో చూపించలేక మళ్లీ మూసుకున్నాను.