మాటు నిలవని గీజర్

ఈ చలికాలం మొదట్లో ఒక పొద్దున మా గీజర్ నుంచి బకెట్టులోకి ఎర్రటి నీళ్లు దిగాయి. తలెత్తి చూస్తే దాని అడుగున తుప్పు చారికలు, వాటి కొసన వేలాడుతున్న నీటిబొట్టు. ఆ బొట్టు కనబడగానే స్విచ్చి ఆపేసి, ఫ్యూజు కూడా పీకి జేబులో వేసుకున్నాను. మా అబ్బాయికి అది ముసలితనపు చాదస్తంలా తోచింది. "పోయిన నెలనే మెకానిక్ సూసిపోయిండు గద నాయినా, ఇంకోసారి పిలుస్త, ఈ చలికాలం ఎల్లిపోతది" అన్నాడు. కొత్తది గోడకెక్కేదాకా దీని నీళ్లు ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదని చెప్పాను. కోపంగానే చెప్పాను.

గద్వాలలో చీరలు నేసే ఇళ్లలో పెరిగిన మన వయసువాళ్లకు పాతదాన్ని తీసి పారేయడమంటే ప్రాణం ఒప్పదు. రాగి హండాకు చిల్లి పడితే మాట్లు వేసేవాడు వీధిలోకి వచ్చేదాకా ఆగి, దానికో రాగి ముక్క అతికించుకుని మళ్లీ పొయ్యి మీదికి ఎక్కించేవాళ్లం. మా హండాకు ఎన్ని మాట్లున్నాయో లెక్కపెడుతూ నీళ్లు కాగేదాకా కూర్చోవడం చిన్నప్పుడు నాకో ఆట. ఇక మా నాయిన అయితే, మగ్గం మీద తెగిన పోగును ఎక్కడ అతికించాడో కనిపెట్టమని పక్కింటివాళ్లతో పందేలు కాసేవాడు, ఎప్పుడూ ఆయనదే గెలుపు.

నాకు వనపర్తిలో పంతులు ఉద్యోగం వచ్చాక గద్వాల ఇంటికి కొన్న మొదటి వస్తువు గీజర్. పొద్దున్నే పొగలో కూర్చుని పొయ్యి ఊది, ఆ మండే కళ్లతోనే నాయిన నేతకు దారం కండెలు చుట్టే అమ్మను చూడలేక కొన్నాను. పదేళ్లు బాగానే పనిచేసి, తర్వాత అడుగున కారడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం వనపర్తి నుంచి మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. అతను మూత విప్పి, టార్చి వేసి చూసి, "పైపు జాయింటు కారితె బాగు చేస్త సార్. గిది లోపలి ట్యాంకే తుప్పు వట్టి కారుతుంది. దీనికి మాటు నిలవది, మార్చాలె" అన్నాడు.

నాయిన నవ్వాడు. అతను అటు వెళ్లగానే సందులు పూడ్చే లప్పం ముద్ద తెచ్చి, ఆ కారే చోట వేలితో ఒత్తి, పైన గుడ్డపేలిక చుట్టి, చీర అంచును సరిచూసుకున్నంత శ్రద్ధగా సరిచూసుకున్నాడు. కారడం ఆగింది. "సూడు, ఆగిందా లేదా" అన్నాడు నాతో. ఆగిందన్నాను. మెకానిక్ మాటే నిజమని నాకు తెలుసు, అయినా తలూపి సాయంత్రం బస్సెక్కాను.

పట్టుమని పది రోజులు కాలేదు. నీరు లోపల్లోపలే మరో దారి చేసుకుని కరెంటు తీగల్లోకి దిగింది. అమ్మ నల్లా తిప్పబోయి, కరెంటు కొట్టిన ఒక్క విసురుకు బట్టలుతికే బండ మీద కుడిచెయ్యి కిందపడేలా పడిపోయింది. కర్నూలు దవాఖానలో ఎముక అతికింది గానీ వేళ్లు మాత్రం మళ్లీ ముడుచుకోలేదు. ఆ తర్వాత నాయినే తన కండెలు తాను చుట్టుకుని మగ్గమెక్కేవాడు. తప్పు తనదని ఆయన ఎన్నడూ అనలేదు, ఆయనదని అమ్మా అనలేదు. నేనే ఒకసారి కదిపితే, "ఆయన చేతిల ఏదైనా అతుకుతదనుకున్నడు, గంతే బిడ్డా" అంది. ఆ మాటకు నేను తల దించుకున్నాను, ఎందుకంటే అతకదని తెలిసి కూడా ఊరుకున్నవాణ్ని నేను.

మొన్న కొత్త గీజర్ బిగించేదాకా మా అబ్బాయి నాతో వాదిస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా పిల్లలు పెద్దల మాటకు అడ్డు చెబుతారు. మన తరానికి అది మింగుడుపడదు, నాకూ ఎన్నో ఏళ్లు పడలేదు. మనం నాయినల ముందు నోరెత్తని వాళ్లం, దాన్ని మర్యాద అనుకున్నాం. ఆ ఆదివారం నేనొక్క మాట ఎదురు చెప్పి ఉంటే నాయిన నాలుగు రోజులు నాతో పలకకుండా ఉండేవాడు, అంతే. అమ్మ మాత్రం చివరిదాకా తన చేత్తో అన్నం కలుపుకుని తినగలిగేది.