మనిషి దాకా వచ్చే దారం

సిరిసిల్లలో మా పక్కింటి అక్క ఏ వస్తువునైనా ముందు ఎడమ కన్ను మూసి, తర్వాత కుడి కన్ను మూసి చూసేది. మరమగ్గాల దగ్గర మిగిలిన దారంతో బొమ్మలు చేసి, కొంచెం కొంచెం కదిలిస్తూ, ప్రతి కదలికకూ ఫోనుతో రెండు ఫొటోలు తీసేది, ఒక్కో కంటికి ఒకటి. ఎరుపు, నీలం అద్దాలు పెట్టుకుంటే ఆ బొమ్మలు తెర దాటి మన మీదికి వస్తాయి. అలా ఏడాది కష్టపడి, మగ్గం మీద దారం తెగే కథతో ఐదు నిమిషాల త్రీడీ సినిమా తీసింది.

జగిత్యాలలో షార్ట్ ఫిలిం పోటీకి నేనూ తోడు వెళ్లాను.

"చిన్న సినిమాకు గీ త్రీడీ ఎందుకమ్మా? మామూలుగ చేసిస్తెనే పోటీల పెడ్తం," అన్నాడు నిర్వాహకుడు.

"మామూలుగ ఏస్తె దారం గోడ మీదనే ఉంటది సార్, మనిషి దాక రాదు. నా సినిమా నాకియ్యిండ్రి," అంది అక్క. బస్సులో కళ్లు తుడుచుకుంది గానీ, ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ ఆదివారం మగ్గాల షెడ్డులోనే తెల్లగుడ్డ కట్టి, కార్మికులకు అట్టముక్కలతో చేసిన అద్దాలు పంచి, సినిమా వేసింది. తెర మీద దారం పుటుక్కున తెగి, దాని కొస మా ముఖాల ముందుకొచ్చి ఊగింది. ముందు వరుసలోని ముసలి కార్మికుడు లేచి, ముడి వేయడానికి గాలిలోకి రెండు చేతులూ చాచాడు. ఎవరూ నవ్వలేదు.

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "గా సారును ఇప్పుడు రమ్మను," అంది.