ఎవరి కోసం, ఏం పని మీద

నార్సింగిలో మా అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర సెక్యూరిటీ సక్కుబాయి ఉందంటే దేవుడొచ్చినా ఆగాల్సిందే. ఎవరి కోసం, ఏం పని మీద, ఏ బ్లాకుకి అని మూడూ అడుగుతుంది. వచ్చినవాళ్ల వివరాలు ఎక్కించే ట్యాబ్‌లో 'పర్పస్' అని ఒక్క మాటే ఉంటుంది. దానికి ఇన్ని ప్రశ్నలేమిటని నేను విసుక్కుంటే, "ఒక్కటే అడిగితె ఒక్క అబద్ధంతోని లోపలికొస్తరు మేడమ్" అంది. ఇదివరకు మదీనాగూడ హాస్టల్లో వంట చేసిన మనిషి, ఇంగ్లీషు రాక ఈ నౌకరీ కోసం ట్యాబ్‌లో బటన్ల రంగులు బట్టీపట్టింది. పోయిన నెల ఎవరినో ఊరికే లోపలికి వదిలాడని ఇంకో గార్డు గోవిందప్పని ఆ పూటే తీసేశారు. అప్పట్నుంచి ఇంకా గట్టిపడింది.

ఆ మధ్యాహ్నం నేను కూరగాయలతో వచ్చేసరికి గేటు బయట ఎండలో ఒకావిడ, చేతిలో సున్నుండల డబ్బా. పేరు శారదమ్మట. ఒంగోలు నుంచి బి బ్లాకులో ఉన్న కూతురు తేజస్విని కోసం వచ్చిందట.

"ఏం పని మీద వచ్చిన్రమ్మా?"

"ఒకసారి చూసి వెళ్దామనండి."

సక్కుబాయి 'గెస్ట్' నొక్కి కూతురి ఫోనుకి పేరు పంపింది. పైనుంచి కూతురు వద్దంది, ట్యాబ్ ఎర్రబడింది. మళ్లీ పంపింది. మళ్లీ ఎరుపే. నాకు ఒళ్లు మండింది. కన్నతల్లిని ఎండలో నిలబెట్టేదీ ఒక కూతురేనా అని పైకే అనేశాను.

"దాన్నేమీ అనకండి" అంది శారదమ్మ. "ఇష్టపడ్డవాణ్ని చేసుకుందని, నా గడప తొక్కొద్దన్నది నేనే. రెండేళ్లయింది."

సక్కుబాయి సూపర్‌వైజర్ లింగమూర్తి క్యాబిన్ వైపు ఓసారి చూసింది, ఆ డబ్బా వైపు ఓసారి చూసింది. టక్కున 'డెలివరీ' నొక్కేసింది. వెంటనే పచ్చలైటు. డెలివరీ అంటే మా వాళ్లెవరూ పేరు కూడా చూడరు.

"జల్ది పోండ్రి. లిఫ్టు ఎడమదిక్కు."

ఆవిడ అటు వెళ్లిందో లేదో లింగమూర్తి వచ్చాడు.

"డెలివరీ అని పెట్టినవ్. బండేది?"

సక్కుబాయి ట్యాబ్‌ని బల్ల మీద బోర్లించింది.

"గోవిందప్ప సంగతి మర్చినవా?"

తిట్టమంటే గంట తిడతాను గానీ, ఆమెను కాపాడే అబద్ధం ఒక్కటీ తోచదే. అంతలో బి బ్లాకు నుంచి తేజస్విని విసవిసా వచ్చింది. వెనకాల శారదమ్మ. చేతిలో డబ్బా లేదు.

"డెలివరీ అని పంపిందెవరు?"

"నేనే మేడమ్." సక్కుబాయి మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టేసింది.

"తప్పు కదా? మార్చండి."

"ఏమని పెట్టాలె?"

తేజస్విని వెనకున్న తల్లిని ముందుకు లాగింది. "ఫ్యామిలీ అని. మా అమ్మ. ఇంకెప్పుడూ నన్ను అడగక్కర్లేదు."

ఫ్యామిలీలో చేర్చాలంటే ఫొటో ఉండాలి. సక్కుబాయి ట్యాబ్ ఎత్తింది.

"జర ఇటు చూడమ్మా." ఎన్నిసార్లు అన్నా శారదమ్మ కూతురి వైపే చూస్తోంది.

"తీసెయ్" అన్నాడు లింగమూర్తి, ఐడీ కార్డు ఆమె ముందుకు జరుపుతూ. "మొహం పక్కకున్నా ఫికర్ లేదు."