అరవని తీతువ

నా చిన్నప్పుడు మేము షోలాపూర్‌లో, కుమఠా నాకా దగ్గర ఉండేవాళ్లం. నాన్న పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. అమ్మ ఇంట్లోనే బీడీలు చుట్టేది. మా తాతయ్య కూడా ఒకప్పుడు మగ్గాల మీద పనిచేసినవాడే. ఆ చప్పుడుకు ఆయన చెవులు బాగా మందగించాయి. ఏం చెప్పాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాలి.

మా ఇళ్ల వెనక మైదానం దాటితే చిత్తడి నేల ఉండేది. ఉగాది నాటికి నీళ్లు మధ్యలోకి తగ్గిపోయి, చుట్టూ తుంగా ఆరీ ఆరని బురదా మిగిలేవి. అప్పుడే తీతువలు అక్కడ గుడ్లు పెట్టేవి. బళ్లో మరాఠీ పిల్లలు ఆ పిట్టను టిట్వీ అనేవాళ్లు. దాని గూడు చూసినవాళ్లు మా తరగతిలో ఒక్కరూ లేరు. మొదట చూసేది నేనే కావాలని నాకు ఒకటే ఆత్రం.

మూడు రోజులు ఒక్కదాన్నే తిరిగాను. బురదలో అడుగు పెట్టగానే తీతువ నా నెత్తి మీద ఎగురుతూ అరిచేది. ఎక్కడ గట్టిగా అరిస్తే గూడు అక్కడే అనుకుని పరుగెత్తేదాన్ని. మూడో రోజు అది రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ పోయింది. దాని వెనకే తుంగ చివరిదాకా పోయాను. ఇక చేతికి దొరుకుతుందనగా చక్కగా ఎగిరిపోయింది. మోకాళ్ల దాకా బురదతో ఇంటికొచ్చి ఏడ్చాను.

మరునాడు పొద్దున్నే తాతయ్య భుజాన తువ్వాలు వేసుకుని నాతో వచ్చాడు. ఇద్దరం తుంగ పక్కన కూర్చున్నాం. తీతువ అరుపు మొదలుపెట్టింది. నేను అటు చూపించాను. ఆయన మాత్రం ఇంకో దిక్కు చూస్తున్నాడు.

"తాతా, అగో, ఆడ ఒర్లుతుంది" అన్నాను ఆయన చెవిలో.

"నాకు దాని ఒర్లుడు ఇనరాదు బిడ్డా. అందుకే రెండోదాన్ని సూస్తున్న. జర థాంబ్, ఆగి సూడు."

రెండోది ఉందనే నాకు తెలియదు. అది గప్‌చిప్‌గా నాలుగడుగులు వేసేది, ఆగేది, ఏదో ఏరుకుంటున్నట్టు నటించేది. నీళ్లలోకి దిగి పొట్ట తడుపుకుంది. ఆ తడి పొట్టతోనే నడిచివెళ్లి, ఏమీ లేని బోడి నేల మీద మెల్లగా కూర్చుంది.

"గుడ్లు ఎండకు మాడకుండ సల్లగ జేస్తుంది" అన్నాడు తాతయ్య.

నేను లేవబోతే చెయ్యి పట్టి ఆపాడు. అది మళ్లీ నీళ్లకు పోయినప్పుడు ఇద్దరం దగ్గరికి వెళ్లాం. ఆయన వేలు పెట్టి చూపిస్తే గాని కనిపించలేదు. నాలుగు గుడ్లు, మట్టి రంగువి, నల్లటి మచ్చలతో.

మేము వెనక్కి వచ్చి, పిట్ట మళ్లీ గుడ్ల మీద కూర్చుందో లేదో, బర్రెల మంద నీళ్ల కోసం నేరుగా అటే వచ్చింది. గుడ్లు తీసి లంగాలో పెట్టుకుందామని పరుగెత్తబోయాను.

"ముట్టకు. తల్లి ఉన్నది" అన్నాడు.

ముందు బర్రె మూతికి ఎదురుగా ఆ చిన్న పిట్ట రెండు రెక్కలూ చాచి నిలబడింది. అప్పటిదాకా నోరు విప్పనిది అప్పుడు అరిచింది. బర్రె బుస్సుమని పక్కకు తిరిగింది. వెనక వచ్చే రెండో బర్రె మాత్రం తిరగలేదు. అప్పుడు తాతయ్యే లేచి, తువ్వాలు ఝాడిస్తూ, ముసలి కాళ్లతో బురదలో పడుతూ లేస్తూ వెళ్లి దాన్ని మళ్లించాడు. గుడ్డుకూ దాని గిట్టకూ మధ్య జానెడు దూరం ఉందంతే. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు.

రోజూ దూరం నుంచి చూశాం. నెల తిరక్కముందే మూడు పిల్లలు బయటికొచ్చాయి. నాలుగో గుడ్డు పొదగలేదు. పుట్టిన పూటే అవి పత్తి ఉండల్లా తల్లి వెనక పరుగులు పెడుతుంటే నేను గట్టు మీద గంతులు వేశాను. బళ్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే మరునాడు పదిమంది వచ్చేవాళ్లు.

ఇప్పుడు మేము షోలాపూర్ పక్కనే కుంభారిలో ఉంటున్నాం. నాకు ఇద్దరు కోడండ్లు. పెద్దది ఏ కష్టమొచ్చినా వాడంతా వినేలా చెబుతుంది. మొన్న అది తలనొప్పని గోల చేస్తుంటే, నేను దానికి చాయ్ ఇచ్చి, పక్క గదిలో చప్పుడు చెయ్యకుండా బీడీలు చుట్టుకుంటున్న చిన్నదాని నుదుటి మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది. "మూడు దినాలాయె అత్తమ్మా" అంది, తల ఎత్తకుండా. చేటలో ఆకు పక్కకు తీసేసి, దాన్ని లేపి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.