వల సూదుల పెట్టెలో తాళంచెవి

మా అయ్య వల సూదుల పెట్టెను ఇంట్లో ఎవరూ ముట్టుకునేవారు కాదు. మూరెడు పొడవున్న చెక్క పెట్టె అది. అందులో నాలుగు వెదురు సూదులు, నైలాను నూలు కండెలు, వల అంచుకు కట్టే సీసం గుళ్ళు, నూలుకు రాసే మైనం ముద్ద ఉండేవి. అమ్మ ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా చీపురును దాని చుట్టూ తిప్పేదే కాని పెట్టెను జరిపేది కాదు. అంతకంటే భద్రమైన చోటు నాకు తెలియదు. అందుకే నా తాళంచెవిని అందులో దాచాను.

అది ఇనుప చెవి కాదు, పెన్‌డ్రైవులో ఉన్న ఒక చిన్న ఫైలు. ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరులోకి ఇక్కడ కూర్చునే ప్రవేశించాలంటే అది కావాలి.

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. విజయనగరంలో ఒక జిరాక్సు షాపులో పనికి కుదిరాను. ఎదురుగానే గ్రంథాలయం. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు రోడ్డు దాటి వెళ్ళి, అక్కడున్న ఒక్క బీరువా కంప్యూటరు పుస్తకాలనూ వరసగా చదివాను. అన్నీ ఇంగ్లీషువి. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో పేజీకి ఒక పూట కేటాయించేవాణ్ణి. ఇప్పుడు ఒక చిన్న ఆసుపత్రికీ రెండు మూడు ఆఫీసులకూ కంప్యూటర్లు చూసిపెడుతున్నాను. ఏ కాలేజీ నాకు ఇది నేర్పలేదని చెప్పుకోవడం నాకు ఇష్టం. ఎదుటివాళ్ళు అడగకపోయినా చెప్పేవాణ్ణి.

మా ఊరు భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉంది. అయ్య నలభై ఏళ్ళకు పైగా వేటకు వెళ్ళాడు. చేపలు చేరే రాతి మిట్టలు నీటి అడుగున ఎక్కడెక్కడ ఉన్నాయో ఆయనకు తెలుసు. మా వాళ్ళు వాటిని తావులంటారు. పైనుంచి చూస్తే అంతా ఒకటే నీరు. ఒడ్డున కనిపించే రెండు గుర్తులను, ఒక కొండను ఒక చెట్టుతోనో ఒక కొండను మరో కొండతోనో, కళ్ళతో ఒక గీత మీదికి తెచ్చుకుని, ఇంకో పక్క మరో జతనూ అలాగే కలిపితే పడవ సరిగ్గా తావు మీద నిలుస్తుంది. అయ్యకు అలాంటివి పదిహేడు తావులు. వాళ్ళ అయ్య చెప్పినవి కొన్ని, తను కనిపెట్టినవి కొన్ని. వాటిని ఇంటి మగవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పరు.

నేను సముద్రానికి పనికిరాలేదు. పడవెక్కితే వాంతులు. తమ్ముడు మాత్రం అయ్య వెంట వెళ్ళేవాడు కాని, చుక్కాని అయ్యదే, చూపూ అయ్యదే. తమ్ముడికి నాలుగైదు తావులకు మించి తెలియవు. పోయిన చలికాలంలో అయ్యకు కాళ్ళు వాచి పడవెక్కడం మానేశాక, మిగిలినవి ఏమవుతాయన్న భయం ముగ్గురికీ పట్టుకుంది. నోటితో చెప్పించి రికార్డు చేద్దామన్నది నా ఆలోచన.

అయ్య వెంటనే ఒప్పుకోలేదు.

"ఫోన్లో ఎడితే ఊరంతా ఇంటాదిరా. మీ తమ్ముడి ఫోను సూడు, ఎవుడు పడితే ఆడు నొక్కుతాడు."

"ఫోన్లో ఉంచనయ్యా. దూరంగా ఒక కంప్యూటరు అద్దెకి తీసుకుని అందులో దాస్తాను. నేను తప్ప ఎవుడూ లోపలికి రాలేడు."

"అదెలాగ?"

గ్రంథాలయంలో చదివింది నాకు వచ్చినట్టు చెప్పాను. తాళం కప్ప, చెవి జతగా తయారవుతాయి. కప్పను ఎవరికి చూపించినా పరవాలేదు, దాన్ని ఆ దూరపు కంప్యూటరుకు తగిలిస్తాం. చెవి నా దగ్గరే ఉంటుంది, దారిలో ఎక్కడికీ ప్రయాణం చేయదు. కప్పను చూసి చెవిని తయారుచేయడం ఎవరి వల్లా కాదు.

అయ్య కాసేపు కాళ్ళు రుద్దుకున్నాడు. తరవాత అన్నాడు: "మన తావు లాగే కదరా. రెండు కొండలూ అందరికీ అగుపిస్తాయి. ఏ రెండు కలపాలో నాకే తెల్సు."

నాకు అంత బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. వాకిట్లో వల బాగుచేసుకుంటున్న తమ్ముడు నవ్వాడు. "సూస్తుండు అయ్యా, సదివి సదివి మా అన్న సముద్రానికి కూడా తాళం ఏసెత్తాడు."

రోజూ పొద్దున అమ్మ చేపల గంప ఎత్తుకుని వెళ్ళాక అయ్య మంచం పక్కన కూర్చునేవాణ్ణి. ఒక్కో తావుకు ఒక్కో రోజు, కొన్నింటికి రెండు రోజులు. ఆయన తావు గురించే చెప్పేవాడు కాదు. అక్కడ తుఫానుకు చిక్కిన వైనం, తెగిన వల, ఆ ఏడు పడ్డ చేప, పక్క పడవ వాణ్ణి తప్పుదారి పట్టించిన సంగతి, అన్నీ వచ్చేవి. ఇప్పుడు కొట్టేసిన తాటితోపు అప్పట్లో ఎలా కనిపించేదో, దాని బదులు ఏ గుర్తు పెట్టుకోవాలో కూడా చెప్పాడు. మధ్యలో దగ్గు. నేను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గొంతు ఎక్కువ తక్కువలు చూపే గీత మీదే కళ్ళు పెట్టేవాణ్ణి. కోడి కూస్తే ఆపించేవాణ్ణి. చెప్పింది వినడం తరవాత సంగతి అనుకున్నాను. వేసవిలో వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రెండు నెలలూ తమ్ముడూ నేనూ కూర్చుని విని రాసుకోవాలని మా ఏర్పాటు.

అయ్యకిచ్చిన మాట ప్రకారం ఏ రోజుది ఆ రోజే దూరపు కంప్యూటరుకు ఎక్కించి ఫోనులోంచి తుడిచేసేవాణ్ణి. పాస్‌వర్డుతో లోపలికొచ్చే దారి పూర్తిగా మూసేశాను. డిస్కుకు కూడా తాళం వేశాను. ఆ యంత్రం ఎప్పుడైనా ఆగి మళ్ళీ మొదలైతే, ఇంకో ఫైలు అందిస్తే తప్ప అందులోది ఎవరికీ కనిపించదు. ఆ రెండు ఫైళ్ళూ నా లాప్‌టాప్‌లో ఒక ప్రతి, పెన్‌డ్రైవులో ఒక ప్రతి. ఎక్కువ ప్రతులు చేయవద్దనీ, మెయిలులో పంపవద్దనీ పుస్తకం చెప్పింది. నమ్మకమైన మనిషికి చోటు చెప్పి ఉంచమని కూడా అదే పేజీలో ఉంది. అదీ చదివాను. చెప్పవలసిన మనిషి ఎవరని ఆలోచించి, నాకంటే నమ్మకమైనవాడు కనిపించక ఊరుకున్నాను. ఒక పొద్దున అయ్య నిద్రపోతుండగా పెన్‌డ్రైవును పాలిథిన్ ముక్కలో చుట్టి, సూదుల పెట్టె అడుగున, సీసం గుళ్ళ కింద పెట్టాను.

పదిహేడో తావు పూర్తయిన పది రోజులకు లాప్‌టాప్ చచ్చిపోయింది. ఉప్పుగాలికి మా ఊళ్ళో ఇనుపదేదీ నిలవదు. విశాఖపట్నంలో బాగుచేసే అతను డిస్కు తీసి చూసి పెదవి విరిచాడు. నేను దిగులు పడలేదు. ఇలాంటి రోజు కోసమే కదా రెండో ప్రతి అనుకుంటూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని తృప్తిగా ఇంటికొచ్చాను. ఆ తృప్తి గుర్తొస్తే ఇప్పటికీ ముఖం దాచుకోవాలనిపిస్తుంది.

అయ్య ఆ నెలలోనే పోయాడు.

మా వీధిలో పాత ఇళ్ళవాళ్ళకు ఒక ఆచారం ఉంది. వేటగాడు పోతే పదకొండో రోజున అతని సూదుల పెట్టెను సముద్రానికి ఇచ్చేస్తారు. పెట్టెను తెరవరు. మూత సందులోంచి నూలు కొన బయటికి లాగి, దానితోనే మూత బిగించి కడతారు. పెద్దకొడుకు పడవలో తీసుకెళ్ళి, చనిపోయినవాడి తావు ఒకదాని మీద నీళ్ళలో వదలాలి. ఈ ఆచారం నాకు తెలియనిది కాదు. తాత పెట్టెను అయ్య అలాగే వదలడం చిన్నప్పుడు ఒడ్డున నిలబడి చూశాను.

ఆ రోజు పెట్టెను నా ఒళ్ళో పెట్టింది అమ్మకు అన్న, మా పెద్ద మావ. గుండు మీద ఎండ. పడవ ఒడ్డు వదిలిన దగ్గర్నుంచి వాంతులు ఆపుకోవడమే నా పని అయింది. ఎక్కడో తమ్ముడు ఇంజను ఆపాడు.

"ఒగ్గీరా," అన్నాడు మావ. "సెయ్యి నీళ్ళదాకా ముంచి ఒగ్గాల. ఇసరకూడదు."

ముంచి వదిలాను. సీసం బరువుకు పెట్టె నిటారుగా దిగిపోయింది. నాకు పెన్‌డ్రైవు గుర్తు రాలేదు. ఒడ్డుకు ఎప్పుడు చేరతామా అన్నదొక్కటే నా మనసులో ఉంది.

వేట నిషేధం మొదలైన రెండో రోజు తమ్ముడు కొత్త నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. "తియ్యన్నా, ఇందాం. ఒకటో తావు కాడినుంచి." ఆసుపత్రి వాళ్ళ పని కోసం కొన్న కొత్త లాప్‌టాప్ తెరిచి, పెన్‌డ్రైవు కోసం లేచాను. నాలుగడుగులు వేసి, అయ్య మంచం కింద పెట్టె ఉండే చోటు చూసి ఆగిపోయాను. నేల మీద పెట్టె మేర నలుచదరపు మచ్చ ఉంది.

"ఏటన్నా?" అన్నాడు తమ్ముడు.

చెప్పాను. వాడు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నోటుపుస్తకం మూసి, "తావు నాకు తెల్సు కదా. దిగుతాను," అన్నాడు. "ఎంత లోతేటి? సంకు కోసం అంతకన్నా లోతు దిగినోళ్ళున్నారు."

గుమ్మంలో చేపలు కడుగుతున్న అమ్మ అంతా విన్నది. చెయ్యి కడుక్కోకుండానే లోపలికొచ్చింది.

"ఏటిరా దిగుతావు? మీ అయ్యకిచ్చింది ఎనక్కి లాక్కొస్తావా?"

"అయ్య మాటలే కదే అందులో ఉన్నది!"

"మాటలు దాసుకోడానికి ఆ పెట్టే దొరికిందేటి మీ అన్నకి? ఇల్లంతా నేదా? నాకొక్క మాట సెప్పుంటే కొంగున ముడేసుకుందును కదరా." నా వైపు చూడలేదు. "అక్కడ ఇరుకు రాళ్ళున్నాయి. సముద్రానికి ఇన్నేళ్ళూ మొగుణ్ణిచ్చాను. కొడుకుని ఇయ్యను."

తమ్ముడు తల దించుకున్నాడు. పాలిథిన్ ముక్కలో చుట్టిన పెన్‌డ్రైవు నెల రోజులు ఉప్పునీళ్ళలో ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఎక్కడో ఒకటి బతికిందని కూడా చదివాను. ఆ రెండోది పైకి చెప్పలేదు. చెబితే వాడు దిగేవాడు.

కంప్యూటరు అద్దెకిచ్చినవాళ్ళకు రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు. యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెడితే తలుపు తీయగలరు, కాని డిస్కు తాళం నేను వేసినది, దానికి వాళ్ళ దగ్గర చెవి లేదు. ఆపకుండా ఉన్నంతసేపే అందులోని మాటలు బతికి ఉంటాయి. ఆపవద్దని బతిమాలాను. ఆ తరవాత రోజూ ఒకసారి ఆ కంప్యూటరును పిలిచేవాణ్ణి. లోపలికి అనుమతి లేదని ఒక్క వరసలో జవాబొచ్చేది. అది చదువుకుని లాప్‌టాప్ మూసేవాణ్ణి. లోపల పదిహేడు తావులు చెప్పిన అయ్య గొంతు ఉంది, బయట నేనున్నాను.

నిషేధం ఇంకో వారంలో ముగుస్తుందనగా వాళ్ళ దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. యంత్రాలన్నిటినీ వేరే చోటికి మారుస్తున్నారు, ఒకసారి ఆపక తప్పదు. చెప్పిన రోజున పొద్దుట పిలిస్తే అనుమతి లేదంది. మధ్యాహ్నం పిలిస్తే ఏమీ అనలేదు. సాయంత్రం మళ్ళీ పిలిచాను. గీత ఒకటి మెరుస్తూ ఉండిపోయింది. పొమ్మనడానికి కూడా అక్కడ ఎవరూ లేరు.

వేటకు వెళ్ళే ముందురోజు తమ్ముడు అదే నోటుపుస్తకం పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"నువ్వు పక్కనే కూకున్నావు కదన్నా అన్ని రోజులూ. నీకేటి గుర్తుందో అది సెప్పు. సిన్నదైనా సరే."

కళ్ళు మూసుకున్నాను. గీత కదలడం గుర్తుంది, దగ్గిన చోటల్లా అది ఎగరడం గుర్తుంది, కోడి కూసిందని మూడుసార్లు ఆపించడం గుర్తుంది. చాలాసేపటికి ఒక్క తావు దొరికింది.

"పెద్దకొండ గూని ఉంది కదా, దాని దక్షిణం అంచు మీదికి..." అన్నాను.

"మీదికి?"

"ఏదో రావాలన్నాడు."

"సెట్టా? గోపురమా? కొండా?"

నాకు తెలియలేదు. వాడు పెద్దకొండ దక్షిణం అంచు అని రాసుకున్నాడు. పక్కన కొంత జాగా వదిలి, పుస్తకం మూసి, వల సర్దుకోవడానికి వాకిట్లోకి వెళ్ళాడు.