అవ్వ కాపాడిన సముద్రరాక్షసి

కరెంటు పోతే సంతోషించే జాతి ఒకటి ఈ భూమ్మీద ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆ రోజుల్లో, నగరిలో మా మామ మరమగ్గాల షెడ్డులో పనిచేసే మేమే ఆ జాతి. ఎనిమిది మగ్గాలూ ఒక్కసారిగా ఆడితే ఆ చప్పుడుకి శ్రీహరికోటలో రాకెట్టు కూడా ఉలిక్కిపడి ఒక అడుగు పక్కకు జరిగేది (జరగలేదని ఎవరైనా నిరూపించమనండి, చూద్దాం). ఆ మోతలో పక్కవాడి మాట వినపడేది కాదు. కరెంటు పోగానే మిగతావాళ్ల చెవులు తెరుచుకునేవి, నేను పుస్తకం తెరిచేవాణ్ణి.

అది బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల బంకులో దొరికిన సముద్రరాక్షసి నవల. అట్ట మీద, లారీ లైట్లంత కళ్లున్న మృగం ఒకటి ఓడను మురుకులా నములుతూ ఉండేది. నాకు పంతొమ్మిదేళ్లు. సముద్రాన్ని చూసింది క్యాలెండరులోనే. అయినా తుఫాను ఘట్టం వస్తే చాలు, మగ్గం పట్టుకుని ఊగిపోతూ చదివేవాణ్ణి. వినేది ఐదుగురు నేతగాళ్లు, వాళ్లకు ముందు నూలు కండెలు చుట్టుకుంటూ మా అవ్వ, అంటే మామకు అమ్మ. నేతగాళ్లందరూ ఓడ కెప్టెన్ పక్షం. అవ్వ ఒక్కతే రాక్షసి పక్షం.

“దాని నీళ్లల్లోకి ఈళ్లు పోయి బల్లేలిసిరితే అది ఊరికే ఉంటాదా? దానికి బిడ్డలుండాయేమో సూడరా!” అనేది, ఆ రాక్షసి ఐరాల ఊళ్లో ఇచ్చిన తన చిన్న కూతురైనట్టు.

పుస్తకం తిరిగివ్వాల్సిన రోజు మధ్యాహ్నం, కెప్టెన్ మందుగుండు పీపాను దాని నోటికెదురుగా దొర్లించే వేళకి పాపిష్ఠి కరెంటు వచ్చేసింది. “మగ్గాలు తిప్పండప్పా, రేపటికి చీరలు పోవాల!” అని అరిచి మామ టీకి వెళ్లాడు. ఐదు నిమిషాలకి మగ్గాలు మళ్లీ ఆగిపోయాయి. నేను ఎగిరి గంతేసి పుస్తకం అందుకున్నాను. పక్క షెడ్డులో మగ్గాలు దడదడా ఆడుతూనే ఉన్నాయి. అది అందరికీ వినపడుతూనే ఉంది. అయినా అందరూ వచ్చి నా ముందు కూర్చున్నారు. నేనైతే ఇంకాస్త గొంతు పెంచాను.

మామ వచ్చాడు. “వీధంతా కరెంటుండాది, మనకొక్కరికే యాడికి పోయిందబ్బా?” అని బోర్డు దగ్గరికెళ్లి చూస్తే ఫ్యూజు లేదు. వెతగ్గా వెతగ్గా అవ్వ కండెల బుట్టలో, ఎర్ర నూలు కింద, తెల్లటి పింగాణీ ఫ్యూజు కనిపించింది. మామ చెయ్యి చాచేలోగా అవ్వ దాన్ని గుప్పిట్లో పెట్టేసుకుంది.

“ఏందమ్మా ఇది?”

“ఉండ్రా. అది సచ్చిందో బతికిందో తేలనీ. సాయంత్రానికి పుస్తకం ఇచ్చేయాలంట.”

మామ ఆమెను చూశాడు, నన్ను చూశాడు, నూలు మూట మీద కూలబడ్డాడు. “ఇంకెన్ని పేజీలుండాయిరా? బిరబిరా సదువు!”

కెప్టెన్ అగ్గిపుల్ల గీశాడు. పేజీ తిప్పాను. అట్ట వచ్చింది. చివరి పేజీలను ఎవడో మహానుభావుడు చింపుకుపోయాడు. ఏడుగురు నా నోటికేసి చూస్తున్నారు. నాకు అవ్వ గుప్పిట తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. చెమట తుడుచుకుని, ఖాళీ అట్టలోంచి గడగడా చదవడం మొదలుపెట్టాను. అగ్గిపుల్ల తడిసి ఆరిపోయింది. రాక్షసి కెప్టెన్‌ను ఒకసారి జాలిగా చూసి, బిడ్డల్ని వెంటబెట్టుకుని సముద్రం అడుగుకి వెళ్లిపోయింది.

“బిడ్డలెన్ని?” అన్నాడు మామ.

“రెండు మామా.”

అవ్వ గుప్పిట విప్పింది. “అద్దీ! ఇంద, తగిలించుకోపో నీ ఫ్యూజు.”

మొన్న తిరుపతిలో, పాత పుస్తకాల కుప్పలో అదే నవల, అన్ని పేజీలతో దొరికింది. అందులో కెప్టెన్ రాక్షసిని పేల్చేసి, పళ్లు పీకి దండ గుచ్చుకున్నాడు. బిడ్డల ఊసే లేదు. బట్టతల, కళ్లజోడు ఉన్న పెద్దమనిషినైనా, ఆ నడివీధిలో అరగంటసేపు సంతాపం పాటించాను. పుస్తకాన్ని ఇంటికి తెచ్చి, ఆ చివరి పేజీలు శుభ్రంగా చింపేసి, అలమరలో పెట్టాను. అప్పట్లో వాటిని చింపినవాణ్ణి నేను తిట్టని తిట్టు లేదు. పాపం, ఆయనింట్లోనూ ఒక అవ్వ ఉండి ఉంటుంది.