నాలుక కింద కరిగే మందు చూడటానికి అనంతపురం ప్రయాణం

నా రాతలు చదివే అందరూ బాగున్నారా? గుంతకల్లు చెల్లెమ్మా, మోకాలి వాపు తీసిందా? యాడికి ఊరి మాస్టారుగారూ, దగ్గు తగ్గిందా? మా ఇంట్లో అక్క ఆరోగ్యమే బాగాలేదు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి బీపీ మాత్ర గొంతు దిగదు, పొరబోయి దగ్గు తెరలొస్తాయి. డాక్టరును అడిగే పొడి చేసి రాగి గంజిలో కలుపుతున్నాను, కానీ సగం గ్లాసుకే అంటుకుంటుంది. ఆ మిగిలిన సగం ఆమెకు చాలుతుందా అని నాకు ఒకటే గుబులు. పక్కింటి షాహీన్ అనంతపురం కాలేజీలో మందుల తయారీ చదువుతోంది. నాలుక కింద పెడితే కరిగి, కడుపులోకి పోకుండానే రక్తంలో కలిసే పలచని పొర చేస్తోందట. మందు కలపని పొరను ముసలివాళ్ల నోట్లో కూడా పెట్టి చూడాలని ఆమె అంటే, నేను వస్తానన్నాను.

కళ్యాణదుర్గంలో ఏడు గంటలకు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. రెండు గంటల దారి. మధ్యలో అవసరం పడితే ఎట్లా అని, ఎప్పటిలాగే లేచినప్పటి నుంచి నీళ్లు ముట్టలేదు.

కండక్టరమ్మ నవ్వింది. "ఏమవ్వా, బాటిల్‌ను తాగకుండా ఒళ్లో పెట్టుకొని జోకొడతాండావే?"

"తాగితే యాడ దిగేది తల్లీ? నువ్వు బస్సు నిలుపుతావా?"

బస్టాండు నుంచి షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి కాలేజీకి చేరాను. షాహీన్ నా నాలుక కింద గోరంత పొర పెట్టి గడియారం చూసింది. నిమిషంలో కరగాలట. మూడు నిమిషాలైనా అట్లే అతుక్కుని ఉంది. తీసేశాక భయంగా అడిగాను.

"నీ చదువు పాడు చేసినానా పాపా?"

"నోరంతా ఎండిపోయిండాది కదవ్వా! నీళ్లు తాగలేదా?"

బస్సు సంగతి చెప్పాను. నీళ్లు తాగించి ఇంకో పొర పెట్టింది. ఈసారి ఇట్టే కరిగింది. నాకు మాత్రం అక్క గుర్తొచ్చింది.

"మా అక్క పగలంతా నోరు తెరిచే పండుకుంటాది. ఆమె నోరు ఇంకా ఎండి ఉంటాది. గుటక వేసేకి నీళ్లు కూడా పొరబోతాయి. ఆమెకెట్లమ్మా?"

షాహీన్ నిమిషాలు రాసుకునేది ఆపి, ఆ మాట కూడా పుస్తకంలో ఎక్కించింది. "ఇంతవరకు మేము కాలేజీ పిల్లోళ్ల నోట్లోనే చూసినామవ్వా. ఈ మాట మాకెవురూ చెప్పలే. ఎండిన నోట్లో కరిగేదే చేయాల. మందు కలిపేకి ఇంకా శానా పరీక్షలుండాయి, తొందరపడొద్దు."

తిరుగు బస్సులో అదే ఆలోచించాను. ఆ పొర ఎప్పటికి మందవుతుందో తెలియదు. అంతవరకు గ్లాసులో ఇంకాస్త గంజి పోసి, అంటుకున్న పొడిని కలియబెట్టి, అది కూడా చెంచాతో పట్టడమే నా పని. కానీ అక్క నోటి కష్టం ఇప్పుడు ఒకరి పుస్తకంలో ఎక్కింది. ఇట్లాంటి పరీక్షకు పోయేవాళ్లు ఆకువక్క వేసుకోకండి, నీళ్లు మానకండి. బస్టాండులో మరుగుదొడ్డి ఉంది, నేను చూసి వచ్చాను. అక్క నోరు చూడటానికి షాహీన్ వాళ్ల కాలేజీ డాక్టరమ్మను వెంటబెట్టుకుని మా ఇంటికి వస్తోంది. వచ్చే గురువారం, పొద్దున పది గంటలకు.